ఆకు ఫొటో చాలదు

మట్టి పరీక్షలు చేసేవాణ్ణని తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలంతా నా ఫోన్‌కి ఆకుల ఫొటోలు పంపుతున్నారు. ‘పసుపు రంగుకి తిరిగాయి, ఏం వెయ్యమంటావు?’ అందరిదీ ఒకటే ప్రశ్న.

మొన్న అక్కయ్య తన కుండీలోని నిమ్మ మొక్క ఫొటో పంపింది. ఫోన్లో ఏదో వీడియో చూసి అప్పటికే గుప్పెడు యూరియా వేసేసిందట.

నత్రజని తగ్గితే ఆకు పసుపెక్కే మాట నిజమే. కానీ అది ముదురాకులతో మొదలవుతుంది. లేతాకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదేమోనని చూడాలి. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకి సరిగా అందదు. నీళ్లు నిలిచి, వేళ్లకి గాలాడకపోయినా పసుపే!

‘‘ముందు మట్టిలో వేలు పెట్టి చూడక్కయ్యా’’ అన్నాను. లోపలంతా బురద. కుండీ అడుగున చిల్లు పూడిపోయింది. మట్టి మార్పించాను. సగం ఆకులు రాలిపోయాయి. నెల తర్వాత రెండు చిగుళ్లు కనిపించాయి.

కుండీ కాబట్టి సరిపోయింది. అదే పొలమైతే? గట్లు, ఎరువు కుప్పలు ఉన్నచోట వదిలేసి, ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, అందులో అరకిలో పరీక్షకి పంపాలి. ఆ ఫలితం చూశాకే ఎరువు బస్తా కొనాలి.

ఫొటోలు పంపండి, వద్దనను. కాకపోతే ఒక్కసారి మట్టిని ముట్టుకుని పంపండి.