రేవు నగరానికి రెండు రోజులు

రోటర్‌డామ్‌లో క్రూయిజ్ ఓడలు ఆగే చోటు ఊరికి దూరంగా, గిడ్డంగుల మధ్య ఎక్కడో ఉండదు. మాస్ నదిలోకి చొచ్చుకొచ్చిన విల్‌హెల్మినా పియర్ మీద, నగరం నడిబొడ్డుకు ఎదురుగా ఉంటుంది. టెర్మినల్ దాటి ఎరాస్మస్ వంతెన మీదుగా నడిస్తే అరగంటలో అవతలి ఒడ్డున బజారుకు చేరవచ్చు. నార్వే ఫియోర్డులకో బాల్టిక్ తీరానికో ఓడ ఎక్కేవాళ్లకు ఇంతకంటే సదుపాయమైన ఊరు దొరకదు. అయినా ప్యాకేజీ యాత్రల పట్టికల్లో ఈ నగరానికి తరచుగా దక్కేది ఓడ ఎక్కే పూట మాత్రమే. ముందురోజంతా ఆమ్‌స్టర్‌డామ్‌కు పోతుంది. కాలువల్లో గంటసేపు పడవ, వజ్రాల దుకాణం, చీజ్ దుకాణం, దారిలో ఓ గాలిమర దగ్గర ఫొటో. ఆ పట్టికను తిరగరాయాలి.

అందుకు మొదటి కారణాన్ని ఆమ్‌స్టర్‌డామే ఇచ్చింది. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న టెర్మినల్ నుంచి సముద్ర క్రూయిజ్ ఓడలను తప్పించాలని అక్కడి నగర మండలి 2023 జులైలో తీర్మానించింది. మరుసటి ఏడాది పాలకవర్గం లెక్క ఖరారు చేసింది. ఏడాదికి 190 వరకు అనుమతిస్తున్న ఓడలను 2026 నుంచి 100కు తగ్గించాలి, 2035 నాటికి టెర్మినల్‌నే మరోచోటికి మార్చాలి. హోటల్ గదుల మీద పర్యాటక పన్ను 2024 నుంచి 12.5 శాతమైంది. ఆ ఊరికి పర్యాటకుల మీద కోపమని దీనికి అర్థం కాదు. పొద్దున్నే వేలమంది ఒక్కసారిగా దిగి, నాలుగు వీధులు తొక్కి, సాయంత్రానికి వెళ్లిపోయే పద్ధతిని అది ఇక భరించలేకపోతోంది. రైక్స్‌మ్యూజియం ఒక్కదానికే ఒక రోజు చాలదు. అలాంటి నగరాన్ని ఆరు గంటల్లో ముగించడం ఊరికీ న్యాయం కాదు, అంత ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లకూ న్యాయం కాదు. దానికి వేరే ప్రయాణం పెట్టుకోవడం మంచిది. ఓడ ఎక్కే ముందరి రెండు రోజులు రోటర్‌డామ్‌కు ఇవ్వాలి. షిపోల్ విమానాశ్రయం నుంచి వేగం రైలెక్కితే అరగంట కూడా పట్టదు.

రోటర్‌డామ్‌లో పాత యూరప్‌ను వెతికేవారికి మొదట నిరాశ కలుగుతుంది. అందుకు కారణం తెలియాలి. 1940 మే 14 మధ్యాహ్నం జర్మన్ బాంబర్లు పావుగంటసేపు బాంబులు కురిపించాయి. ఆ మంటల్లో నగరం నడిమి భాగమంతా కాలిపోయింది. దాదాపు 900 మంది చనిపోయారు. 80 వేల మందికి పైగా ఇళ్లు కోల్పోయారు. మంటలు ఎక్కడిదాకా పాకాయో ఆ హద్దు వెంట ఇప్పుడు కాలిబాటల్లో దీపాలు పొదిగారు. నడుస్తూ ఆ గీతను దాటితే తేడా కంటికి తెలుస్తుంది. ఒకవైపు పాత ఇటుక ఇళ్లు, ఇంకోవైపు యుద్ధం తర్వాత లేచిన కాంక్రీటు, గాజు. శిల్పి ఒసిప్ జాడ్కిన్ చేసిన కంచు విగ్రహం 1953 నుంచి నగరంలో నిలబడి ఉంది. చేతులు ఆకాశానికి చాచి అరుస్తున్న మనిషి అది. గుండె ఉండాల్సిన చోట పెద్ద ఖాళీ.

వార్సా తన పాత పట్టణాన్ని ఇటుక ఇటుకా పేర్చి ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టుకుంది. రోటర్‌డామ్ ఆ దారి పట్టలేదు. మధ్యయుగపు లారెన్స్ చర్చిని మాత్రం ఏళ్ల తరబడి బాగుచేసి నిలబెట్టుకుని, మిగతా నేల మీద కొత్త ఊరు కట్టింది. 1953లో మొదలైన లైన్‌బాన్, వాహనాలు లేకుండా కాలినడకకే వదిలిన తొలి యూరప్ బజారు వీధుల్లో ఒకటి. 1984 నాటికి వాస్తుశిల్పి పీట్ బ్లోమ్ పసుపు పచ్చని ఘనాకారపు ఇళ్లను స్తంభాల మీద మూల కిందికి వచ్చేలా వాల్చి నిలబెట్టాడు. వాటిలో జనం నిజంగానే కాపురముంటున్నారు. ఒక ఇంటిని సందర్శకులకు తెరిచి ఉంచారు. లోపలికి వెళితే గోడలు ఏటవాలుగా ఉండి, బీరువా ఎక్కడ పెట్టాలో తోచదు. పక్కనే 2014లో తెరిచిన మార్క్‌తాల్ ఉంది. గుర్రపు నాడా ఆకారంలో వంగిన భవనంలో ఫ్లాట్లు, ఆ వంపు కింద కూరగాయలు, చేపలు, చీజ్ అమ్మే అంగళ్లు, పైకప్పు నిండా పండ్లూ పూల బొమ్మలు. ఇవన్నీ అందరికీ నచ్చాలని లేదు. కానీ ఒక్క మధ్యాహ్నంలో సర్వం పోగొట్టుకున్న ఊరు తనను తాను ఎలా మళ్లీ ఊహించుకుందో ఇంత బాహాటంగా చూపించే నగరం యూరప్‌లో మరొకటి దొరకడం కష్టం.

ఇక ఓడ ఎక్కే చోటు. ఆ కట్ట మీద ఓడ ఎక్కేవాళ్లు మొదటి నుంచీ విహారయాత్రికులు కారు. ఇసుక మేటలతో పూడుకుపోతున్న పాత దారికి బదులు నదిని నేరుగా సముద్రంలో కలిపే న్యూవే వాటర్‌వెగ్ కాలువ 1872లో మొదలైంది. మరుసటి ఏడాదే ఇక్కడ హాలండ్ అమెరికా లైన్ పుట్టింది. తూర్పు, మధ్య యూరప్ పల్లెల నుంచి పేదలు పెట్టెలూ మూటలూ పట్టుకుని రైళ్లలో వచ్చి, ఈ ఓడల్లో కింది అంతస్తుల్లో అట్లాంటిక్ దాటారు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయమే నేటి హోటల్ న్యూయార్క్. 1993లో హోటల్‌గా మారింది. చుట్టూ ఆకాశహర్మ్యాలు లేచినా, రెండు బురుజులతో ఆ పాత భవనం రేవు కొసన అలాగే ఉంది. అక్కడ గది దొరకకపోయినా కాఫీ తాగడానికైనా వెళ్లాలి.

ఆ రేవుకు ఎదురుగా, కాటెన్‌డ్రెక్ట్ వైపు ఉన్న పాత గిడ్డంగిలో 2025 మేలో ఫెనిక్స్ మ్యూజియం తెరిచారు. వలసల చరిత్రకు అంకితమైన మ్యూజియం ఇది. చైనా వాస్తుశిల్పి మా యాన్‌సాంగ్ బృందం రూపొందించిన మెలికల మెట్లదారి కప్పును చీల్చుకుని పైకి లేస్తుంది. రెండు వేల పాత సూట్‌కేసులతో అల్లిన దారిలో నడవవచ్చు. ప్రతి పెట్టె వెనుకా ఒక కుటుంబం కథ ఉంటుంది. కొడుకులనూ కూతుళ్లనూ అమెరికా పంపిన తెలుగు తల్లిదండ్రులు ఆ పెట్టెల ముందు తొందరగా కదల్లేరు. ఓడ ఎక్కే రోజు ఉదయం ఈ మ్యూజియానికి కేటాయిస్తే, మధ్యాహ్నం తమ పెట్టెతో అదే నీటి ఒడ్డున నిలబడటం వేరుగా ఉంటుంది.

హాలండ్ అమెరికా లైన్ పుట్టిన 1873లోనే మరో ఓడ కథ కూడా మొదలైంది. కలకత్తా నుంచి బయల్దేరిన 'లల్లా రూఖ్' అనే ఓడ భారతీయ ఒప్పంద కూలీలను దక్షిణ అమెరికాలోని డచ్ వలస సురినామ్‌కు చేర్చింది. 1916 వరకు అలా వెళ్లినవారు 34 వేలకు పైనే, ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్, బిహార్ జిల్లాలవారు. 1975లో సురినామ్ స్వతంత్రమయ్యే వేళకు వారి సంతతిలో ఎందరో నెదర్లాండ్స్‌కు తరలివచ్చారు. అందుకే రోటర్‌డామ్‌లోని వెస్ట్‌క్రైస్‌కాడె వంటి వీధుల్లో బంగాళాదుంప, పొడవాటి బొబ్బర కాయల కూరలతో రోటీ దొరుకుతుంది. శాకాహారం దొరుకుతుందో లేదోనని పచ్చళ్లూ పొడులూ సంచుల్లో మోసుకొచ్చేవాళ్లు ఒక్కసారి ఆ వీధికి వెళ్లి రావాలి. ఆ కూరలో ఒకటిన్నర శతాబ్దాల ప్రయాణం ఉంది.

రెండో రోజు ఊరు దాటాలి. ఎరాస్మస్ వంతెన దగ్గర నీటి బస్సు ఎక్కి నదికి ఎదురుగా వెళితే కిండర్‌డైక్ వస్తుంది. పందొమ్మిది గాలిమరలు, ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టినవి. 1997లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫొటో తీసుకుని వెనుదిరిగితే వీటిని చూసినట్టు కాదు, ఇవి చేసిన పని అర్థం కావాలి. కృష్ణా గోదావరి డెల్టాల రైతుకు ఏతం తెలుసు, బావిలో నీళ్లు తోడి పొలానికి పెట్టడం తెలుసు. ఇక్కడి రైతుది తలకిందులైన కష్టం. పొలం నది కంటే పల్లంలో ఉంది, వాన నీరు తనంతట తాను బయటికి పోదు. అందుకని పొలంలో నీటిని తోడి ఎగువ కాలువలోకి, అక్కడి నుంచి నదిలోకి ఎత్తాలి. ఒక్కో మర సుమారు మీటరున్నర ఎత్తుకే నీటిని లేపగలదు కాబట్టి మరలను బారులు తీర్చారు. ఒక వరసలో గుండ్రని ఇటుక మరలు, ఎదుటి వరసలో ఎనిమిది మూలల, గడ్డి కప్పిన మరలు. అవి రెండు వేర్వేరు నీటి సంఘాలవి. ఈ సంఘాలను ఇక్కడ చాలా పాతకాలం నుంచీ రైతులే ఎన్నుకుంటూ, శిస్తు కట్టుకుంటూ నడిపారు. ఇప్పటికీ నీటి సంఘాలకు ప్రత్యేకంగా ఎన్నికలు జరుగుతాయి. ఇప్పుడు నీటిని ఎత్తే పని పక్కనున్న పంపింగ్ స్టేషన్ భారీ స్క్రూ పంపులది. గాలిమరల్లో మాత్రం ఇంకా కుటుంబాలు ఉంటున్నాయి, రెక్కలు తిప్పుతూ వాటిని పనిచేసే స్థితిలో ఉంచుతున్నాయి. మ్యూజియంగా తెరిచిన మరలోకి వెళ్లి, ఆ ఇరుకు గదుల్లో పిల్లల మంచాలు చూస్తే నీటితో వాళ్లు పడ్డ పాటు తెలిసొస్తుంది.

తులిప్ పూల సంగతి ఒక్క మాట. కూకెన్‌హాఫ్ తోట మార్చి మూడో వారం నుంచి మే మధ్య వరకే తెరిచి ఉంటుంది. జులై, ఆగస్టు క్రూయిజ్‌ల కరపత్రాల మీద తులిప్ పొలాల బొమ్మ వేసే ఏజెంట్లను నిలదీయాలి.

సాయంత్రానికి డెల్ఫ్ట్. రైల్లో పావుగంట. యుద్ధం ముట్టని పాత పట్టణం కావాలనుకునేవారి ముచ్చట ఇక్కడ తీరుతుంది. కాలువలు, చిన్న వంతెనలు, నడుమ బజారు, దాని ఒక కొసన కొత్త చర్చి. 1584లో హత్యకు గురైన డచ్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ సమాధి అందులోనే ఉంది. చిత్రకారుడు వెర్‌మీర్ 1632లో పుట్టిందీ 1675లో పోయిందీ ఈ ఊళ్లోనే. ఆయన వేసిన చిత్రం మాత్రం ఒక్కటీ ఇక్కడ లేదు. ముత్యపు చెవిపోగు అమ్మాయినీ, డెల్ఫ్ట్ నగర దృశ్యాన్నీ చూడాలంటే మరికాస్త ముందుకు, హేగ్‌లోని మౌరిత్‌షైస్‌కు వెళ్లాలి. ఆ దృశ్యంలో ముందువైపు కనిపించే చిన్న రేవు నుంచే అప్పట్లో రోటర్‌డామ్ వైపు పడవలు వెళ్లేవి. ఆ చోటు ఇప్పటికీ డెల్ఫ్ట్‌లో ఉంది. నిలబడి చూడవచ్చు.

డెల్ఫ్ట్, రోటర్‌డామ్ రెండూ 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ ఆరు శాఖల్లోవే. ఆ కంపెనీ ఓడలు 1605 నాటికే మచిలీపట్నం చేరాయి. గోల్కొండ సుల్తాను అనుమతితో అక్కడ వర్తక స్థావరం పెట్టారు. ఈ తీరంలో అద్దిన నూలు బట్టలు తీసుకెళ్లి తూర్పు దీవుల్లో లవంగాలకూ జాజికాయలకూ మారకం వేశారు. అవే అద్దకం బట్టలు డచ్చి ఇళ్లలో పరుపు దుప్పట్లుగా, ఆడవాళ్ల రవికెలుగా చేరాయి. డెల్ఫ్ట్‌లో నీలి రంగు పింగాణీ గిన్నె కొనుక్కునే తెలుగు యాత్రికుడికి ఈ సంగతి ఏ గైడూ చెప్పడు. చెప్పవలసిన బాధ్యత ఇక్కడి నుంచి యాత్రలు నడిపేవాళ్లకు ఉంది. ఆ బాధ్యత విశాఖపట్నానికీ ఉంది. సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ అక్కడ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. భీమిలిలోని డచ్చివారి సమాధులు తీరం వెంట బస్సులో వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఓడ కోసం వచ్చినవారు ముందురోజు భీమిలి, సింహాచలం, బొర్రా గుహలు చూసేలా రేవు, రైల్వే, పర్యాటక శాఖ కలిసి పట్టిక వేయకపోతే టెర్మినల్ వల్ల ఊరికి ఒనగూరేది తక్కువ.

ముందుగా చేరడానికి మరో గట్టి కారణముంది. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం దోహాలోనో దుబాయ్‌లోనో ఆలస్యమైతే ఓడ ఆగదు. వీసా విషయమూ జాగ్రత్తగా చూసుకోవాలి. ఓడ మధ్యలో బ్రిటన్ రేవులకు వెళ్లి మళ్లీ రోటర్‌డామ్‌కు వచ్చేదైతే, తిరిగి షెంగెన్ దేశాల్లో అడుగుపెట్టడానికి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. ఊళ్లో తిరగడానికి మాత్రం చిక్కు లేదు. రైలు, మెట్రో, ట్రామ్ అన్నిట్లో బ్యాంకు కార్డును ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకిస్తే చాలు.

ఓడ కదిలాక కూడా రోటర్‌డామ్ వెంటనే అయిపోదు. సముద్రం చేరడానికి ముప్పై కిలోమీటర్ల పైన నదిలోనే ప్రయాణం. ఎడమవైపు పెర్నిస్ చమురు శుద్ధి కర్మాగారాలు, యూరప్‌లోకెల్లా పెద్ద రేవు తాలూకు ట్యాంకులూ క్రేన్లూ. కుడివైపు ఫ్లార్డింగెన్, మాస్‌స్లైస్ వంటి పాత చేపల పట్టణాలు. చివర్లో, రెండు ఒడ్డులకూ ఒదిగి మాస్లాంట్ అడ్డుకట్ట తెల్లటి ఉక్కు బాహువులు. 1953 జనవరి 31 రాత్రి మొదలై ఫిబ్రవరి 1న విరుచుకుపడ్డ ఉప్పెనలో ఈ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత మొదలైన కట్టడాల వరసలో ఇది 1997లో పూర్తయింది. సముద్రం పొంగినప్పుడు ఈ బాహువులు తేలుతూ వచ్చి నదిని మూసేస్తాయి. 2023 డిసెంబరు తుపానులో అలాగే మూసుకున్నాయి. ఓడ దీన్ని దాటే వేళకు ప్రయాణికుల్లో చాలామంది భోజనశాలలోనే ఉంటారు. క్రూయిజ్ కంపెనీలు నదిలో సాగే ఆ రెండు గంటలకు పై డెక్ మీద ఒక రోటర్‌డామ్ మనిషిని నిలబెట్టి, రెండు ఒడ్డుల్లో ఏముందో మైకులో చెప్పించాలి. రాత్రి భోజనం నది సముద్రంలో కలిసే హుక్ ఫాన్ హోలాండ్ దాటాకే పెట్టాలి.