చెల్లని నాణెము, చెల్లు మాట

కాలము మాఱినకొలఁది కొన్ని వస్తువులు వాడుకనుండి తొలఁగుట సహజము. వానితోడనే వాని పేళ్లును నిరుపయోగము లగునని కొందఱు తలంతురు. ఈ తలంపు సరియైనది గాదు.

అణానే చూతము. పూర్వము రూపాయకు 16 అణాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీనుండి రూపాయకు 100 నయాపైసలైనవి. లెక్క సులభమయ్యెను, ఆ మార్పు మేలే. అయినను “పదహారణాల తెలుగుబిడ్డ” యని నేఁటికిని అనుచున్నాము. పదునాఱణాలు నిండు రూపాయ యని యెఱుఁగనివాఁడు ఆ మాటలోని నిండుదనము నెట్లు గ్రహించును?

ఇది మాటల సొంపునకు మాత్రమే చెందినది గాదు. తాతలనాఁటి పత్రములలో సొమ్ము అణాలలోను, ధాన్యము పుట్లలోను వ్రాయఁబడియుండును. చదువుకొన్న మనుమఁడు వాని నర్థము చేసికొనలేనిచో, ఒరులు చెప్పినదే నమ్మవలసివచ్చును. వీసము మొదలగు భిన్నములకు తెలుగున ప్రత్యేక చిహ్నము లుండెను. అవి వ్యవహారమునుండి తొలఁగినను, కంప్యూటరులలో లిపులకు స్థానము లేర్పఱచు యూనికోడు పట్టికయందు 2008లో వానిని చేర్చిరి. పాతవ్రాతలను చదువుటకు అవి యవసరమే కదా!

క్రొత్త చదువులే భారమై యుండఁగా నివి యేల యని కొంద ఱడుగవచ్చును. అణాలతో బేరమాడుఁడని నే ననుటలేదు. విద్యార్థులారా! సెలవులలో ఇంటి పెద్దలయొద్దఁ గూర్చుండి సోల, మానిక, కుంచము, వీసె యెంతెంతయో యడిగి వ్రాసికొనుఁడు. ఈ కొలతలు ప్రాంతమునుబట్టి మాఱెడివి. మీ యూరి లెక్క మీ పెద్దలే చెప్పవలెను. అట్టివారు నానాఁటికి తగ్గుచున్నారు. నాణెమును ప్రభుత్వము మాన్పినది. మాటను మనము మాన్పకుందుము గాక.