ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీయేనా?

వానాకాలం నడుమ మొదలై చలికాలం దాకా మన ఊళ్లలో జ్వరం వస్తే జరిగే తంతు ఒకటే. ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు, తగ్గకపోతే టౌన్‌లో రక్తపరీక్ష. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ, వైడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడ్ అని తీర్మానం. సెలైన్లు, బొప్పాయి ఆకు రసం నడుస్తుండగానే వారం గడిచిపోతుంది. ఆ జ్వరం స్క్రబ్ టైఫస్ అయితే, పోయిన ఆ వారమే ప్రాణం మీదికి తెస్తుంది.

వేరే జబ్బుల వేషం కట్టడంలో దీన్ని మించింది లేదు. తీవ్ర జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లు నొప్పులు, దద్దుర్లు, ప్లేట్‌లెట్లు పడిపోవడం: అన్నీ డెంగీ లక్షణాలే. చలి పుడితే మలేరియా అనిపిస్తుంది, కళ్లు పచ్చబడితే కామెర్లు అనుకుంటారు. గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి వానాకాలం రాగానే పిల్లలు మెదడువాపుతో చనిపోతుంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ పైనే దృష్టి నిలిచింది. ఆ కేసుల్లో పెద్ద భాగానికి స్క్రబ్ టైఫస్ మూలమని తర్వాత పరిశోధనల్లో తేలింది.

దీన్ని అంటించేది దోమ కాదు. పొదల్లో, గడ్డి దుబ్బుల్లో, ఎలుకలు తిరిగే చోట్ల ఉండే నల్లి జాతి పురుగు పిల్ల. కంటికి ఆనదు, కుట్టినా తెలియదు. కుట్టిన పది రోజులకు అటూఇటూగా జ్వరం మొదలవుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. టీకా లేదు.

గుర్తుపట్టే ఆనవాలు మాత్రం ఒకటుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు గుండ్రంగా, నడుమ నల్లగా, చుట్టూ ఎర్రగా చెక్కు కడుతుంది. నొప్పి, దురద సాధారణంగా ఉండవు కనుక రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు కట్టే చోట, చెవి వెనక, తలలో వెతకాలి. చొక్కా మీద నుంచే స్టెతస్కోప్ పెట్టి పంపేస్తే ఈ మచ్చ ఎవరి కంటా పడదు. అందరికీ మచ్చ ఉండదు కూడా. లేనంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు.

సకాలంలో మొదలుపెడితే చవకగా దొరికే డాక్సీసైక్లిన్‌తో చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగివస్తుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. టైఫాయిడ్ అనుకుని ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు దీనిపై పనిచేయవు. అదను తప్పితే రెండో వారానికి ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. అప్పుడిక ఐసీయూయే దిక్కు.

స్క్రబ్ టైఫస్‌ను నిర్ధారించే ఐజీఎం ఎలీసా రక్తపరీక్ష మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలని 2015 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు వైద్యులకు చెబుతున్నాయి. ఈ మాట ప్రతి పీహెచ్‌సీకీ చేరాలి. జ్వరాల సర్వేకు వెళ్లే ఆశా కార్యకర్తలు నల్ల మచ్చ గురించి ఇంటింటా అడగాలి. జిల్లా ఆసుపత్రుల్లో ఎలీసా కిట్లు సీజన్ అయ్యేదాకా నిండుకోకూడదు.

ప్రజలు చేయాల్సింది కష్టమేమీ కాదు. పొలం, తోట పనికి నిండు చేతుల చొక్కా వేసుకోండి. గడ్డి మీద ఒట్టిగా పడుకోవద్దు. పని నుంచి రాగానే స్నానం చేసి, విడిచిన బట్టలు ఉతకండి. ఇంటి చుట్టూ పొదలు, ఎలుకలు లేకుండా చూసుకోండి. జ్వరం మూడు రోజులు దాటితే ఒళ్లంతా వెతికి, ఆసుపత్రికి వెళ్లి, పొలం పనికో మేతకో వెళ్లిన సంగతి డాక్టర్‌కు చెప్పండి. సొంతంగా మందులు మింగొద్దు. డెంగీ కాదని రిపోర్టు వచ్చిందని ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేయొద్దు. ‘‘మరి ఇదేం జ్వరం? స్క్రబ్ టైఫస్ చూశారా?’’ అని అడిగాకే అక్కడి నుంచి కదలండి.