నిలిచిన కారు, తిరుగు సైకిలు

నగరములలో ఇరుగుపొరుగు కలహములకు ఒకప్పుడు వీధి కుళాయి ప్రధాన కారణము. బిందెల వరుస తప్పినచో మాటలు పెరిగెడివి. నేడు ఆ స్థానమును నిలిపియుంచిన కారు ఆక్రమించినది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలోని అపార్టుమెంటులలో, బడి విడిచిన పిమ్మట పిల్లలు సైకిళ్లు దింపుకొని వత్తురు. క్రింద స్తంభముల నడుమను, వెలుపల ప్రహరీ వెంటను కార్లు బారులు తీరి యుండును. ఆ బారుల నడుమ మిగిలిన సందే వారికి మైదానము. ఒక హాండిలు కొస కారు తలుపునకు తగులును; గీటు పడును. మరునాటి ఉదయమునకు ఆ గీటు ఫొటో భవనవాసులందరి సెల్‌ఫోనులలోను ప్రత్యక్షమగును. పిల్లలను పెంచుట ఈ విధముగనా అని ఒక వైపు, బండి అంత ముద్దైనచో పడకగదిలో పెట్టుకొనరాదా అని మరొక వైపు. వారము తిరుగునంతలో “ఇచ్చట సైకిళ్లు తొక్కరాదు” అను బోర్డు గోడ కెక్కును.

ఈ తగవున రెండు వేర్వేరు ఫిర్యాదులు కలగలిసి యున్నవి. ఒకటి కారు యజమానిది, రెండవది నడచువారిది. బోర్డు వ్రాయించువారు సాధారణముగా రెండవ దానిని ముందుంచుకొని మొదటి దానిని సాధించుకొందురు. “వృద్ధులకు ప్రమాదము కలుగుచున్నందున” అని తీర్మానము మొదలగును. తీర్మానమునకు ప్రేరణ మాత్రము తలుపు మీది గీటు. గీటును మాన్పుటకు సొమ్ము చాలును. డెబ్బది యేండ్ల వృద్ధురాలు తూలిపడి తుంటి యెముక విరిగినచో సొమ్ము చాలదు. ఆ వయస్సున ఆ యెముక విరిగినవారిలో పలువురు మరల మునుపటివలె తిరుగజాలరు. కావున రెంటిలో బలమైన ఫిర్యాదు నడచువారిదే. విచిత్ర మేమనగా, వినబడుట యదియే తక్కువ. కారునకు గీటు సాక్ష్యము చెప్పును. సైకిలు రివ్వున ప్రక్కనుండి పోగా గోడ పట్టుకొని నిలదొక్కుకొన్న ముసలామె భయమునకు ఏ ఫొటో సాక్ష్యము?

చట్టము వైపు చూచినచో ఇరుపక్షములవారును తా మనుకొన్నంత బలము తమకు లేదని గ్రహింపగలరు. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షను ప్రకారము ఏడేండ్లు నిండని బిడ్డ చేసినది ఏదియు నేరము కాదు. ఏడు నిండి పండ్రెండు నిండనివారికిని, తాము చేయుదాని స్వభావమును ఫలితమును గ్రహించు పరిపక్వత లేనప్పుడు, 21వ సెక్షను అదే రక్షణ నిచ్చుచున్నది. ఇవి నూతనములు గావు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 82, 83 సెక్షనులే సంఖ్యలు మారి వచ్చినవి. వయస్సు మాట యటుంచినను, పరుల ఆస్తిని చెరచుట నేర మగుటకు ఉద్దేశమైనను, నష్టము కలుగు నను ఎఱుకయైనను ఉండవలెను. పట్టు తప్పి తగిలిన హాండిలులో అవి యుండవు. కావున “పోలీసులకు చెప్పెదను” అను బెదరింపు చాలవరకు వట్టి మాట.

అంతమాత్రమున తల్లిదండ్రులు సంతోషింప బనిలేదు. నేరము వేరు, నష్టపరిహారము వేరు. కేవలము తండ్రి యగుటచేత ఆయన బిడ్డ చేసిన ప్రతి నష్టమునకు బాధ్యుడు కాడు. కాని బ్రేకులు లేని సైకిలును బిడ్డ చేతి కిచ్చి, జనులు సంచరించు ఇరుకు దారిలోనికి పంపినచో, ఆ అజాగ్రత్త బిడ్డది గాక తండ్రిదే యగును.

ఈ విషయమున జర్మనీ దేశము పడిన తర్జనభర్జన గమనింపదగినది. అచ్చటి పౌరస్మృతి ఏడేండ్లు నిండని బిడ్డకు నష్టపరిహార బాధ్యత లేదనుచున్నది. 2002లో దానికి సవరణ చేసి, మోటారు వాహనములతో సంభవించు ప్రమాదములలో, బుద్ధిపూర్వకముగా చేసిన నష్టమునకు దప్ప, పదేండ్లు నిండనివారికిని బాధ్యత లేదనిరి. కదలు వాహనముల వేగమును, దూరమును అంచనా వేయుట ఆ వయస్సున శక్యము కాదన్నదే కారణము. అంతట నొక ప్రశ్న పుట్టినది. కారు కదలక నిలిచియుండగా బాలుడు పోయి తగిలినచో? తొమ్మిదేండ్ల పిల్లలు పందెములు వేసికొని నిలిచిన కార్లకు తగిలిన వ్యాజ్యములు ఆ దేశపు సమాఖ్య న్యాయస్థానము వరకు పోయినవి. నిలిచిన కారు బాలుని తికమక పెట్టలేదు గనుక 2002 నాటి ఆ ప్రత్యేక రక్షణ అచ్చట వర్తింపదని 2004లో న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. గోడ యెట్లో, కంచె యెట్లో, నిలిచిన కారును అట్లే యన్నమాట.

తర్కము నిర్దుష్టముగనే యున్నది. కాని గోడ తన చోటు విడిచి వెనుకకు రాదు. నిన్న ఖాళీగా నున్న తావున నేడు మొలవదు. మన భవనముల క్రింద నిలిచిన కారు మరు నిమిషమున వెనుకకు నడచు కారు కావచ్చును. ఎత్తైన కారు నడపువానికి తన వెనుక నున్న చిన్న సైకిలు అద్దములలో కనబడదు. ఇది ఈ తగవున ఎవరును ఎత్తని మూడవ ఫిర్యాదు. బాలుని వలన కారునకు కలుగు హాని గీటు. కారు వలన బాలునకు కలుగు హాని ప్రాణముతో పోవచ్చును. బోర్డు మాత్రము బాలుని పేరనే వ్రాయబడును.

పిల్లలకు జాగ్రత్త నేర్పినచో చాలునని కొందరందురు. నేర్పవలసినదే. అయితే 1960 దశకమున స్వీడన్ దేశపు పరిశోధకురాలు స్టీనా సాండెల్స్ చిన్నపిల్లలను వీధులలో దీర్ఘకాలము పరిశీలించి, ఎంత నేర్పినను వాహనముల నడుమ పెద్దలవలె మెలగుట వారికి సాధ్యము కాదని తేల్చినది. ధ్వని యే దిక్కునుండి వచ్చునో వారు పోల్చుకొనలేరు. కుడియెడమలు తడబడుదురు. ఆటలో మునిగినప్పుడు తక్కిన లోకము వారికి ఉండదు. ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. సాయంకాలపు గంట మ్రోగగానే గుమ్మము దాటు రెండవ తరగతి పిల్లలను వారు దినదినము చూచుచునే యున్నారు.

ఇక అసలు ప్రశ్న: ఆ నేల యెవరిది? కారు యజమాని తనదే యనుకొనును. 2010లో మహారాష్ట్ర చట్టమునకు సంబంధించిన యొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు, స్తంభముల నడుమ నుండు పార్కింగు స్థలమును ఫ్లాటువలె విడిగా అమ్ముకొను హక్కు నిర్మాతకు లేదనినది. 2016 నాటి స్థిరాస్తి చట్టము ఉమ్మడి స్థలములను నిర్వచించుచు, ఉద్యానములను, ఆటస్థలములను, ఆరుబయటి పార్కింగు స్థలములను ఒక్క వాక్యముననే చేర్చినది. చట్టము వాటిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినది. భవనములో మాత్రము ఒకటి మరొక దానిని మ్రింగినది. లెక్క కష్టము గాదు. ఒక కారు నిలుచుటకు రెండున్నర మీటర్ల వెడల్పును, ఐదు మీటర్ల పొడవును గల తావు కావలెను. ఇరువది కార్లకు 250 చదరపు మీటర్లు, అనగా మూడు బ్యాడ్మింటను కోర్టుల మేర. ఇరువది కుటుంబముల పిల్లలకు అందులో పదవ వంతైనను గీత గీసి యిచ్చిన భవనములు అరుదు.

వెలుపలికి పొమ్మందమా? గేటు దాటగానే కాలిబాట ఉండదు. ఉన్నచో దానిపైనను బండ్లే నిలిచియుండును. కాలిబాటపై వాహనమును నిలుపరాదని 2017 నాటి చోదన నియమములు చెప్పుచున్నవి. అడ్డంకులు లేని కాలిబాట పౌరుని జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు పలికినది. అయినను నేటికిని నడచువాడు రోడ్డు మీదనే నడచుచున్నాడు. బడి మైదానమునకు పొమ్మందమా? 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధమున ప్రతి బడికిని ఆటస్థలము ఉండవలెనని కలదు. అంతస్తుల భవనములలో నడుచు పెక్కు బళ్లకు అది కాగితముపై మైదానము. నిజముగా మైదానమున్న బళ్లలోనో, సాయంకాలము గేటునకు తాళము. గంటల లెక్కన అద్దె సైకిలు తెచ్చుకొని, అందని సీటును విడిచి, నడిమి కమ్మి క్రిందుగా కాలు దూర్చి తొక్కుచు మోకాళ్లు చెక్కుకొన్న తరము వారికి వీధి యుండెను. ఆ తరమువారే నేడు కమిటీలలో ఉన్నారు.

ఇతర దేశములవారు ఈ చిక్కును నిషేధముతో గాక వేళతోను, తావుతోను విప్పిరి. బ్రిటనులో 1938 నాటి చట్టము కొన్ని వీధులను పిల్లల ఆటలకై వాహనములకు మూసివేయు అధికారమును స్థానిక సంస్థల కిచ్చినది. నెదర్లాండ్సు 1976లో నివాస వీధులకు ప్రత్యేక నియమము చేసినది: అచ్చట నడచువారును, ఆడు పిల్లలును వీధి వెడల్పంతయు వాడుకొనవచ్చును, కారు నడక వేగమున పోవలెను, గుర్తు పెట్టిన చోటనే నిలువవలెను. వీధికి పనికివచ్చినది అపార్టుమెంటునకు పనికిరాదనుటకు హేతువు లేదు. సాయంకాలము ఐదున్నర మొదలు ఆరున్నర వరకు ఒక ప్రక్క కార్లు కదలకుండ గొలుసు కట్టవచ్చును. ఆ గంటలో వృద్ధుల నడకకు రెండవ ప్రక్క విడువవచ్చును. బ్రేకులును గంటయు లేని సైకిలును కావలివాడు క్రిందికి రానీయకుండవచ్చును. చిన్న గీట్లకు నెలసరి నిర్వహణ నిధినుండి కొంత ప్రత్యేకించినచో, సగము తగవులు ఫొటో వరకైనను పోవు. ఇందులకు వ్యయము స్వల్పము. కష్టమైనది ఒక్కటే: ఆరుగంటలకు కార్యాలయమునుండి వచ్చు కారు అర్ధగంట వెలుపల నిలువవలెను. సర్వసభ్య సమావేశమున ఈ ప్రతిపాదన వీగిపోవుట ఇచ్చటనే.

ఈ లోపల తగవు స్వరూపము మారుచున్నది. 250 వాట్ల శక్తికి, గంటకు 25 కిలోమీటర్ల వేగమునకు లోబడిన తేలికపాటి బ్యాటరీ బండ్లు మన నియమముల ప్రకారము మోటారు వాహనములే కావు. వాటికి నంబరు పలక లేదు, లైసెన్సు లేదు. పదునాలుగేండ్లవారు వాటిపై ఇద్దరేసి కూర్చుండి క్రింది అంతస్తున తిరుగుచున్నారు. సైకిలు గొలుసు చప్పుడైనను వీటికి లేదు. వెనుకనుండి వచ్చునది ముసలివారికి వినబడదు. సైకిళ్లను నిషేధించిన బోర్డులలో ఈ బండ్ల ప్రస్తావన లేదు.