రోడ్డుకీ ఉంది ఇంటిపేరు!

మొన్న రాత్రి మా మామయ్య బెంగుళూరు నుంచి కారులో చిత్తూరు వస్తూ, పలమనేరు దాటాక టైరు పగిలి ఆగిపోయారు. పక్కన అత్తయ్య, ఆమెకు ఆయాసం. చుట్టూ చీకటి, దగ్గర ఏ ఊరో తెలియదు. మా అబ్బాయికి ఫోను చేశారు.

"యాడ ఉండారు తాతా?"

"నాలుగో నంబరు రోడ్డులోరా!"

వాడు వెతికి చూసి, "అది అండమాన్లో ఉంది గదా తాతా!" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే! ముంబయి నుంచి పూనా, బెంగుళూరు, చిత్తూరు మీదుగా చెన్నై పోయే రోడ్డు 2010 దాకా నాలుగో నంబరే. కర్నూలు - చిత్తూరు రోడ్డు 18. ఆ ఏడు కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారులకు నంబర్లన్నీ మార్చేసింది.

కొత్త లెక్క సులువే. ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లకు సరి సంఖ్యలు. అవి తూర్పున మొదలై పడమటికి పెరుగుతాయి. అందుకే 4 సముద్రం దాటి అండమాన్ చేరింది. కోస్తా వెంట కోల్‌కతా - చెన్నై రోడ్డు 16. కర్నూలు నుంచి చిత్తూరు వచ్చేది 40. అనంతపురం మీదుగా కన్యాకుమారి పోయేది 44. పడమటి తీరాన 66.

తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు. అవి ఉత్తరాన మొదలై దక్షిణానికి పెరుగుతాయి. కాశ్మీరులో 1, విజయవాడలో 65, పలమనేరు - చిత్తూరు రోడ్డు 69, రామేశ్వరంలో 87.

మూడంకెలుంటే అది పిల్ల రోడ్డన్నమాట. చివరి రెండంకెలూ తల్లి నంబరు. పూతలపట్టు నుంచి తిరుపతి పోయే 140, మన 40కి బిడ్డ. రేణిగుంట, పుత్తూరుల మీదుగా చెన్నై పోయే 716, కోస్తా 16కి బిడ్డ. మనకు ఇంటిపేరు ముందు, రోడ్లకు చివర, అంతే తేడా!

చివరకు మామయ్య టార్చిలైటుతో కిలోమీటరు రాయి వెతికి, అందులోని 69నీ, చిత్తూరు ఎంత దూరమో ఆ అంకెనూ చదివి చెప్పారు. అరగంటలో మావాడు వేరే కారుతో అక్కడ ఉన్నాడు. అత్తయ్య క్షేమం.

ఈసారి ప్రయాణంలో పిల్లలచేత ఆ రాళ్ళు చదివించండి. నెత్తిన పసుపు ఉంటే జాతీయ రహదారి, పచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033కు ఫోను చేయవచ్చు. ఆ వేళ మీ నోట రావలసినవి రెండే: రోడ్డు నంబరు, రాతి మీది దూరం.