తప్పిపోతే ఎక్కడ నిలబడాలి?

మన సినిమాల్లో తిరునాళ్ళకెళ్ళిన కుటుంబం తప్పిపోకుండా ఇంటికి చేరదు. అన్న ఒక దారి, తమ్ముడు ఒక దారి, తల్లి గుడి మెట్ల మీద. పదహారు రీళ్ళయ్యాక చిన్నప్పటి పాట ఒకటి పాడుకుని అంతా కలుసుకుంటారు. ఇలాంటి కథల మీద ఈ పేజీలోనే నేను బోలెడు జోకులు వేశాను. ఆ పాపం ఊరికే పోతుందా? కిందటి నెల సింగపూర్‌లో మా ఆవిడ తప్పిపోయింది. అదీ భూమి అడుగున, రైల్వే స్టేషన్లో. మాకు ఫ్యామిలీ సాంగ్ కూడా లేదు.

ఆగండి. ముందు ఫ్లాష్‌బాక్ చెప్పాలి.

1979. మాకు కొత్తగా పెళ్ళయింది. గుడివాడలో ఫస్ట్ షోకి 'అందమైన అనుభవం' చూశాం. బాలచందర్ గారి చిత్రం. కమల్ హాసన్, రజనీకాంత్, జయప్రద, ఎం.ఎస్. విశ్వనాథన్ పాటలు. ఒక పాటల బృందం కుర్రాళ్ళు సింగపూర్ వెళతారు, అక్కడ ప్రేమ, పాటలు, రజనీకాంత్ గారి సిగరెట్టు పందెం. మాబోటి వాళ్ళకి బెజవాడ వెళ్ళిరావడమే ఔట్‌డోర్ షూటింగులా ఉండే రోజులవి. తెరమీద ఆ ఊరు చూసి నాకు మతిపోయింది. హాలు బయటికొచ్చి, సైకిల్ స్టాండు దగ్గర, "నిన్ను సింగపూర్ తీసుకెళతాను" అని డైలాగు వదిలాను.

"ముందు రిక్షా పిలవండి" అంది మా ఆవిడ.

ఆ తరవాత పత్రిక ఉద్యోగం, మద్రాసు కాపురం, పిల్లలు, చదువులు, పెళ్ళిళ్ళు. సింగపూర్ మాత్రం మా ఇంటి గోడ మీద 'త్వరలో' అన్న పోస్టరులాగే ఉండిపోయింది. చివరికి విడుదలయ్యేసరికి నాకు డెబ్బయ్యేళ్ళు, ఆవిడ మోకాళ్ళు మొరాయింపు.

సరే, బయల్దేరాం. అయిదు రోజులు, మేమిద్దరమే. హైదరాబాదులో విమానం ఎక్కితే నాలుగున్నర గంటల్లో చాంగీ విమానాశ్రయం. వాచీ రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. నేను మాత్రం నలభై అయిదేళ్ళకి పైగా వెనక్కి తిప్పుకున్నాను. జేబులో ఒక జాబితా పెట్టుకున్నాను. 1979 నాటి సింగపూర్ అంతా వెతికి చూడాలని! ఏ వారమైనా రాసుకోవడానికి పనికొస్తుందన్న కక్కుర్తి కూడా లేకపోలేదు.

ఇక్కడే నా స్క్రీన్‌ప్లే దెబ్బతింది. ఆ ఊళ్ళో వస్తువులు ఉన్నచోట ఉండవు!

విమానం దిగిన చాంగీయే తీసుకోండి. అది తెరిచింది 1981లో. 1979లో విమానాలు దిగింది పాయా లేబార్‌లో. అంటే మొదటి షాటే తప్పు.

తరవాత మెర్లయన్. సింహం తల, చేప ఒళ్ళు, నోట్లోంచి నీళ్ళు. ఎత్తు 8.6 మీటర్లు, బరువు 70 టన్నులు. లిమ్ నాంగ్ సెంగ్ అనే శిల్పి చేశాడు. 1972 సెప్టెంబరు 15న అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ నది ముఖద్వారం దగ్గర ఆవిష్కరించారు. 1997లో ఎస్ప్లనేడ్ వంతెన వచ్చి దానికి అడ్డమైంది. సముద్రం వైపునుంచి చూస్తే సింహం కనపడటం మానేసింది. అందుకని 2002లో విగ్రహాన్ని ఎత్తి 120 మీటర్లు అవతలికి తీసుకెళ్ళి పెట్టారు.

ఈ చరిత్రంతా గైడులా చెబితే మా ఆవిడ, "మనూళ్ళో విగ్రహం గజం జరపాలంటే ఊరు రెండవుతుంది. ఇంత దూరం జరిపితే ఈ సింహం నోరెత్తలేదా?" అంది.

"ఎత్తే ఉందిగా. నీళ్ళు తప్ప మాట రావట్లేదు" అన్నాను.

"ఇంట్లో మీలాగా" అంది.

తరవాత జురాంగ్ పక్షుల పార్కు. 1971లో పెట్టారు. ఆ రోజుల్లో సింగపూర్ వెళ్ళొచ్చిన ప్రతివాడూ దాని గురించి చెప్పేవాడు. అడిగితే 2023 జనవరిలోనే మూసేశారట. పక్షులన్నీ మండాయ్ అనే చోటికి కాపురం మార్చాయి. అక్కడ అదే ఏడాది 'బర్డ్ ప్యారడైజ్' పేరుతో కొత్తది తెరిచారు.

పోనీ రజనీకాంత్ గారిలా సిగరెట్టు ఎగరేద్దామా అంటే, ఆర్చర్డ్ రోడ్డులో 2019 నుంచీ వాళ్ళు చూపించిన చోట తప్ప కాల్చకూడదు. నేను కాల్చడం మానేసి ఇరవయ్యేళ్ళయింది కాబట్టి బతికిపోయాను.

ఊరు అందంగా లేదనుకునేరు! కళ్ళు చాలవు. మూడు భవనాలు, ఒక్కొక్కటీ 55 అంతస్తులు, మూడింటి నెత్తినా అడ్డంగా ఓడ ఎక్కించినట్టుండే మెరీనా బే శాండ్స్ 2010లో వచ్చింది. అది నిలబడ్డ నేల ఒకప్పటి సముద్రం. దాని వెనకాల 2012లో తెరిచిన గార్డెన్స్ బై ది బే. అక్కడ 25 నుంచి 50 మీటర్ల ఎత్తున ఇనప చెట్లు, వాటి ఒంటినిండా నిజం మొక్కలు. రాత్రి 7.45కి ఆ చెట్లు పాటకి తగ్గట్టు రంగులు మారతాయి. జనం హాయిగా నేలమీద వెల్లకిలా పడుకుని చూస్తారు.

"నేనూ పడుకుంటానండీ. లేపే పూచీ మీదైతే" అంది ఆవిడ.

"ఇంకా జాబితాలో రెండున్నాయి, పద పద" అన్నాను నేను.

పాఠకులారా, ఈ డైలాగు గుర్తుపెట్టుకోండి. క్లైమాక్సులో పనికొస్తుంది.

నాలుగో రోజు సాయంత్రం. సిటీ హాల్ స్టేషన్. నది ఒడ్డున బోట్ కీ చూడాలి. ఆ సినిమా నాటికి అక్కడ నదినిండా సరుకు పడవలు, నీళ్ళనిండా మురికి. 1977లో మొదలుపెట్టి పదేళ్ళు కడిగారు. 1983లో పడవల్ని పాసిర్ పంజాంగ్‌కి పంపించేశారు. ఆ ఒడ్డున పాత దుకాణాల వరస మాత్రం మిగిలింది. నా జాబితాలో కదలకుండా ఉన్నది అదొక్కటే! వెలుతురు పోకముందే చూడాలి. ఒక్క స్టేషను దూరం, రాఫిల్స్ ప్లేస్.

రైలు తలుపులు మూసుకునే కూత మొదలైంది. నేను ఎగిరి లోపల పడ్డాను. నా వెనకే వస్తోందనుకుని తిరిగి చూస్తే, అద్దం తలుపు అవతల మా ఆవిడ. భుజాన సంచి, ఒక చెయ్యి మోకాలి మీద. మొహంలో భయం లేదు, కోపం లేదు. ఊరికే నా వంక చూస్తోంది. రైలు కదిలింది.

ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. ఆవిడ ఫోను నా సంచిలో ఉంది. ఫొటోలు దానిలో బాగా వస్తాయని పొద్దున్నే లాక్కున్నాను.

ఒక్క స్టేషను. రెండు మూడు నిమిషాలు. ఏ సినిమాలోనూ అంత పొడుగు రీలు చూడలేదు నేను. దిగాను, ఎదురు రైలు వెతుక్కున్నాను, ఎక్కాను, సిటీ హాల్‌లో దిగాను. ఆవిడ లేదు! అంతా ఆఫీసుల నుంచి ఇళ్ళకెళ్ళే జనం. ప్రతి తల్లో నెరిసిన జుట్టే వెతుకుతున్నాను. గొంతు ఎండిపోయింది. పేరుపెట్టి పిలిచాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బజారులో ఆవిణ్ణి పేరుపెట్టి పిలవడం అదే మొదలు.

కాసేపటికి బుర్ర పనిచేసింది. తిరుగు రైలు నన్ను దింపింది వేరే అంతస్తులో! ఎస్కలేటర్ మీద పరిగెత్తాను.

ఉంది. అదే ప్లాట్‌ఫారం. అదే తలుపు ముందు. ఒక్క అడుగు కూడా కదల్లేదు. పక్కన ఒక తమిళ కుర్రాడు, ఆఫీసు బట్టల్లో. మా ఆవిడ మద్రాసు అరవం అక్కరకొచ్చింది. స్టేషను వాళ్ళ దగ్గరికి తీసుకెళతాను అమ్మా అని ఆ అబ్బాయి అడుగుతుంటే ఈవిడ ఒకటే మాటట. "వద్దు బాబూ. ఆయన ఇక్కడికే వస్తారు. నేను కదిలితే ఆయన తప్పిపోతారు."

తోడుగా నిలబడి మూడు రైళ్ళు వదులుకున్నాడా పిల్లాడు. దణ్ణం పెడితే సిగ్గుపడి నాలుగో రైలెక్కి వెళ్ళిపోయాడు.

బోట్ కీ వెళ్ళలేదు. లిటిల్ ఇండియాలో మా హోటలు దగ్గర, టెక్కా సెంటర్లో కూచున్నాం. అక్కడ బల్ల మీద కాగితపు రుమాళ్ళ పొట్లం పెడితే ఆ చోటు మనదేనట, మనం బస్సులో తువ్వాలు వేసినట్టు. తే తారిక్ తెచ్చాను. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి బారెడు సాగదీసి పోసే పాల టీ అది. నా చెయ్యి ఇంకా వణుకుతోంది.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"మా నాయనమ్మ చెప్పేది. తిరునాళ్ళలో తప్పిపోతే వెతకబోకే, తప్పిపోయిన చోటే నిలబడు అని. ఇద్దరూ వెతుక్కుంటూ పోతే ఇద్దరూ దొరకరు" అంది. కాసేపాగి, "ఆ సినిమాలో మీకు బాగా గుర్తున్నదేమిటి?" అంది.

"సింగపూరే."

"నాకు జయప్రద. ఎన్నో రోజులు బతకనని తెలిసి కూడా ఆ పిల్ల నవ్వుతూ తిరిగింది చూడండి, అది. ఊరు నాకు సరిగ్గా గుర్తే లేదు." టీ గ్లాసు బల్లమీద పెట్టి, "ఈ నాలుగు రోజుల్లో మీరు నా మొహం సరిగ్గా చూసింది ఇందాక ఆ రైలు అద్దంలోంచే" అంది.

యాభయ్యేళ్ళుగా ఎందరో రచయితల డైలాగుల్ని విమర్శించిన వాణ్ణి. జవాబు దొరకలేదు.

అయిదో రోజు జాబితా హోటలు గదిలో చెత్తబుట్టలో పడేశాను. పొద్దున్నంతా ఆవిడ చెప్పినచోటే కూచున్నాం, ఆవిడ లేచినప్పుడే లేచాం. రాత్రి 7.45కి ఇనప చెట్ల కింద ఇద్దరం నేలమీద వెల్లకిలా పడుకున్నాం. రంగులు మారాయి. పాట అయిపోయింది. ఆవిణ్ణి లేపబోయి నేనూ పడ్డాను. చైనా పిల్లలిద్దరు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ లేపారు. ఆవిడ నవ్వు ఆగడానికి పావుగంట పట్టింది.

కుర్రాళ్ళూ, అమ్మాయిలూ! పెళ్ళయ్యాక మీరూ ఎక్కడికో వెళతారు. లొకేషన్లు వెతకండి, ఫొటోలు తీసుకోండి, కాదనను. కానీ తలుపులు మూసుకునే కూత వినపడగానే దూకకండి. ముందు పక్కకి చూడండి. ఆ తరవాతి రైలు ఎలాగూ వస్తుంది.

వచ్చేవారం కలుద్దాం. ఇదే చోట, ఇదే పేజీలో. నేనూ కదలకుండా నిలబడతాను.