సోలార్ ఛార్జింగ్ స్టేషన్: వరంగల్‌కి ముందు కావాల్సింది టైమింగ్

ఈవీ రివ్యూల్లో రేంజ్ ఎంత, ఫాస్ట్ ఛార్జింగ్‌కి ఎన్ని నిమిషాలు అని చూస్తాం. రోజులో ఏ టైమ్‌కి ఛార్జ్ పెడతాం అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. వరంగల్ లాంటి ఊళ్లో నా దృష్టిలో అదే అసలు స్పెసిఫికేషన్.

ముందు సోలార్ లెక్క చూద్దాం. ఒక కారు పార్కింగ్ జాగా దాదాపు 12 చదరపు మీటర్లు. దాని మీద షెడ్డు వేసి ప్యానెళ్లు బిగిస్తే 2 కిలోవాట్లు వస్తాయి. పది కార్ల జాగాకి 20 కిలోవాట్లు. మన ఎండకి కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు వేసుకుంటే మొత్తం 80. నెక్సాన్ ఈవీలో 45 యూనిట్ల బ్యాటరీ వేరియంట్ తీసుకుంటే, ఖాళీ అయిన రెండు కార్లు కూడా పూర్తిగా నిండవు. అదే 3 యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్లయితే, ఛార్జింగ్‌లో వృథా అయ్యేది తీసేసినా ఇరవైకి పైనే నిండుతాయి. మన రోడ్ల మీద ఏ బండ్లు ఎక్కువో మీకు తెలుసు.

ఇప్పుడు అదే షెడ్డు కింద 60 కిలోవాట్ల డీసీ ఫాస్ట్ ఛార్జర్ పెట్టి, 'సోలార్ ఛార్జింగ్ స్టేషన్' అని బోర్డు కట్టారనుకోండి. మిట్ట మధ్యాహ్నం కూడా ఒక కారు ఫుల్ స్పీడ్‌లో లాగితే మూడింట రెండొంతులు గ్రిడ్ నుంచే రావాలి. రాత్రి ఏడింటికైతే మొత్తం గ్రిడ్డే. ఆ టైమ్‌కి రామగుండంలో ఎన్టీపీసీ నీళ్ల మీద పెట్టిన 100 మెగావాట్ల ఫ్లోటింగ్ సోలార్ ప్లాంట్ కూడా నిద్రపోతుంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కేటీపీపీ లాంటి బొగ్గు ప్లాంట్లే ఎక్కువ భారం మోయాలి. బోర్డు అబద్ధం అనను గానీ, సగమే నిజం.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం, పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లకి డిస్కం ఇచ్చే కరెంటు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సగటు సరఫరా ఖర్చుకి 0.7 రెట్లు, మిగతా టైమ్‌లో 1.3 రెట్లు ఉండాలి. (రాష్ట్రంలో తుది టారిఫ్ తేల్చేది ఈఆర్సీ.) సగటు ఖర్చు 7 రూపాయలని ఊరికే అనుకుందాం. పగలు 4.90, రాత్రి 9.10. 45 యూనిట్లకి తేడా 189 రూపాయలు! కానీ నేను వాడిన యాప్‌లలో రోజంతా ఒకటే రేటు. మధ్యాహ్నం పెట్టినా, రాత్రి పెట్టినా నాకు ఒకటే అయితే నేనెందుకు మారతాను?

టెక్నాలజీ కొత్తదేం కాదు. ఛార్జర్లు సర్వర్‌తో మాట్లాడే ఓసీపీపీ 1.6 ప్రోటోకాల్ 2015లోనే వచ్చింది. ఏ ఛార్జర్ ఎప్పుడు ఎంత కరెంటు తీసుకోవాలో సర్వర్ చెప్పొచ్చు. మబ్బు పట్టింది, అందరికీ కొంచెం తగ్గించు. ఒక కారు నిండింది, దాని వాటా పక్కదానికివ్వు. సర్వర్ల మీద లోడ్ పంచే పని రోజూ చేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇది అంతకంటే కష్టమేమీ కాదు.

మరి ఛార్జర్లు ఎక్కడ పెట్టాలి? బండి పగలంతా ఊరికే నిలబడే చోట. నా ఓటు కాజీపేట స్టేషన్ బండ్ల స్టాండ్‌కి. పొద్దున స్కూటర్ పెట్టి సికింద్రాబాద్ రైలెక్కినోళ్లు సాయంత్రానికి గానీ తిరిగి రారు. స్కూటర్ ఛార్జర్ లాగేది ముప్పావు కిలోవాట్ అనుకుంటే, ఇరవై స్కూటర్లకి 15 కిలోవాట్లు. అదే 20 కిలోవాట్ల షెడ్డుకి సరిపోయే లోడ్. ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు, మీటరున్న మామూలు సాకెట్లు చాలు. కార్లకైతే నిట్, కేయూ, కలెక్టరేట్. నెక్సాన్ 7.2 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ మీద నిండటానికి ఆరున్నర గంటలు పడుతుంది. 9 నుంచి 4 అంటే ఏడు గంటలు.

హైవే సంగతి వేరే. హైదరాబాద్ వెళ్లే ఎలక్ట్రిక్ బస్సుని ఎండ వచ్చేదాకా ఆగమనలేం. అక్కడ ఫాస్ట్ ఛార్జర్లే ఉండాలి. మధ్యాహ్నం కరెంటు దాచుకునే బ్యాటరీలు కూడా పెడితే మంచిదే, కానీ అవి ఖరీదు. టైమింగ్ మార్చడానికి ఖర్చయ్యేది కొంచెం కోడ్.

తెలంగాణలో ఈవీలకి రోడ్ ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. బండ్లు ఇంకా వస్తాయి. అందరూ ఆఫీస్ నుంచొచ్చి ఏడింటికే ప్లగ్ పెడితే, ఏసీలు మోస్తున్న కాలనీ ట్రాన్స్‌ఫార్మరే అది కూడా మోయాలి. అందుకే కొత్త స్టేషన్ కనిపిస్తే కిలోవాట్లు తర్వాత అడగండి. మధ్యాహ్నం రేటెంత, రాత్రి రేటెంత, ఈ క్షణం ప్యానెళ్ల నుంచి వస్తున్నదెంత అని ముందు అడగండి. ఈ మూడూ స్క్రీన్ మీద చూపించే స్టేషన్‌కే నేను ఐదు స్టార్లు ఇస్తా.